టీకా నాడు బర్రె ఎక్కడుంది?

పశువుల సర్వే ఫారంలో ఏడో ప్రశ్న నేను రాసిందే. "మీ పశువులకు గాలికుంటు టీకాలు సక్రమంగా వేయిస్తున్నారా?" కింద రెండే గడులు: అవును, కాదు. రాసినప్పుడు అందులో నాకు లోపమేమీ కనబడలేదు.

బాన్సువాడ నుంచి బీర్కూర్ వెళ్లే దారిలో ఒక ఊరు. రెండు రోజులు తిరిగితే ఇంటింటా అవునే వచ్చింది. టీకా తప్పిన పశువులు ఎక్కువున్న ఊళ్లలోనే రెండోసారి క్యాంపు పెడతారు. నా ఫారాల ప్రకారం ఈ ఊరికి అక్కర్లేదు. పక్క ఊళ్లో మాత్రం అప్పటికే పశువులు నోటి పుండ్లతో మేత ముట్టడం లేదు.

చివరి ఇల్లు ఒక అవ్వది. ఉన్నది ఒక్క బర్రె, అదీ చూడిది.

"ఏయిస్త బిడ్డా, ఎందుకు ఏయియ్య" అంది.

టీకా వేసిన పశువు చెవికి పసుపు బిళ్ల వేస్తారు. ఈ బర్రెకు లేదు. ఆ మాట అనకుండా వేరేగా అడిగాను.

"టీకాలేసిన నాడు బర్రె యాడుండె అవ్వా?"

"చెరుకుతోటల కట్టేసిన" అంది వెంటనే. "సూదేస్తే పాలు తగ్గుతయంటరు. చూడి గూడ పోతదని బుగులైంది."

"మరి ఏయిస్త అంటివి?"

"ఏయిస్తున్నవా అని అడిగితివి. లేదంటే మంచిగుంటదా? ఇంటికొచ్చినోనికి."

గోడ అవతల నుంచి పక్కింటాయన నవ్వాడు. "నీ బర్రెకు తోడు మాయి రెండు గూడ ఆడనే ఉండె అవ్వా."

ప్రశ్న మారిస్తే మొదటి ఇంటి నుంచి మళ్లీ అడగాలన్నారు ఆఫీసులో. అడిగాను. టీకా నాడు పశువు ఎక్కడుంది? ఇంటి దగ్గర, పొలంలో, వేరే చోట, గుర్తులేదు. "మల్ల ఏంది సారూ" అంటూనే చెప్పారు. సగానికి పైగా ఇళ్లలో జవాబు పొలమే.

క్యాంపు వచ్చింది. అవ్వ బర్రెను తోలుకొచ్చి, తాడు మాత్రం వదల్లేదు. డాక్టరు పొట్ట తడిమి, నెలలు ఇంకా నిండలేదు, వేయొచ్చన్నారు.

"పాలు తగ్గితే?" అని నన్నడిగింది.

"రెండు మూడు రోజులు తగ్గొచ్చు అవ్వా."

"గిది ముందుగాల చెప్పుంటే చెరుకులకెందుకు పోతుంటి" అని తాడు డాక్టరు చేతికిచ్చింది.

అవ్వ అన్న ఆ మాట ఫారంలో ఎక్కడా పట్టలేదు. ఏడో ప్రశ్న కింద ఇంకొకటి చేర్చాను: "టీకా గురించి మీరేమనుకుంటున్నారు?" దానికి గడులు పెట్టలేదు. మూడు ఖాళీ గీతలు వదిలాను.