కణత దగ్గర వినిపించిన బుడగలు

2021, సూరత్‌లో ఒక ఆసుపత్రి, మెదడు రక్తప్రసరణ పరీక్షల గది. గదిలో ఉన్నవాళ్లు: టెక్నీషియన్‌గా నేను, నర్సు హేతల్‌బెన్, మంచం మీద నర్సయ్య, తలుపు పక్కన ఆయన భార్య పద్మ. ఉన్న వస్తువులు: డాప్లర్ మెషీన్, దాని స్పీకరు, రెండు సిరంజీలు, సెలైన్ సీసా. పీపీఈ కిట్లలో నా ముఖం గానీ నర్సు ముఖం గానీ కనిపించే అవకాశం లేదు.

నర్సయ్యది సిరిసిల్ల వైపు. సూరత్ పక్కన పల్సానాలో పవర్‌లూమ్ నడుపుతాడు. కొన్ని నెలలుగా మైగ్రేన్. నొప్పికి ముందు ఎడమవైపు వంకర గీతలుగా వెలుగు లేచి, చూపులో సగం మాయమవుతుంది. దీన్ని ఆరా అంటారు.

"ఎట్ల కనబడ్తది అన్నా?" అని అడిగాను.

"మగ్గం సగమే ఉంటది సారు. మనుషులు గూడ గంతే. మొన్న దీని మొకం సూస్తే, మాస్కు మీద ఒక్క కన్నే ఉన్నది."

"రెండోది నిన్నే సూస్తుండె," అంది పద్మ.

ఒకసారి ఆయన ఎడమ చేయి కాసేపు పడిపోయింది. ఎంఆర్ఐలో చిన్న మచ్చ కనిపించింది. రక్తం అందక మెదడులో చచ్చిపోయిన చోటు అది. గుండె పై గదుల మధ్య, పుట్టాక మూసుకోవలసిన ద్వారం తెరిచే ఉండిపోయిందేమోనని న్యూరాలజిస్టు అనుమానం. దాని పేరు పీఎఫ్ఓ. ఆరాతో మైగ్రేన్ వచ్చేవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, కారణం ఇదేనని మాత్రం తేలలేదు. కానీ ఆ దారిన రక్తపు గడ్డ మెదడుకు చేరవచ్చు. మేం దాన్ని కనిపెట్టకపోతే, ఈసారి పోయేది చేయి ఒక్కటే కాకపోవచ్చు.

అందుకే బబుల్ టెస్ట్. సెలైన్‌లో కాస్త గాలి కలిపి చిలికి, చేతి నరంలోకి ఎక్కిస్తాం. బుడగలు ఊపిరితిత్తుల్లో ఆగిపోవాలి. గుండెలో అడ్డదారి ఉంటే మెదడుకు చేరతాయి. కణత మీద ఆనించే డాప్లర్ ప్రోబ్ వాటిని చప్పుడుగా వినిపిస్తుంది. ఒకసారి మామూలుగా, ఒకసారి వల్సాల్వాతో చేస్తాం. అంటే ఊపిరి బిగబట్టి, గట్టిగా ముక్కి వదలాలి. మూసుకున్నట్టు కనిపించే ద్వారమైనా వదలగానే తెరుచుకుంటుంది.

మొదటిసారి ఏమీ లేదు. స్పీకరులో రక్తం చప్పుడే, గోడ వెనక ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు. వల్సాల్వా చేయించినా అంతే. అయితే స్క్రీన్ మీద ఒకటి కుదరలేదు. గట్టిగా బిగబడితే మెదడులో రక్తవేగం తగ్గి అల కిందికి దిగాలి. దిగలేదు.

"అన్నా, గట్టిగ ముక్కాలె."

"ముక్కిన సారు."

"ఏం ముక్కినవ్? నా మీద ఒర్రితే గల్లీ అంత ఇనబడ్తది!" అంది పద్మ.

నర్సయ్య నా తెల్ల కిట్టునే చూస్తున్నాడు. "గిది కరోనా పరీక్షనే గద సారు?"

అప్పుడు చెప్పాడు. ఫోన్లో వచ్చిన వీడియో చూసి, పద్మ రాకముందు ఆయన ఉన్న రూములో మగ్గం కార్మికులంతా పొద్దున్నే ఊపిరి బిగబట్టి ఒకరినొకరు పరీక్షించుకునేవారట. దగ్గు వస్తే కరోనా ఉన్నట్టే.

"రాజేశం దగ్గిండు. మీ లెక్కనే తెల్ల బట్టలేస్కొని అచ్చి తీస్కపోయిండ్రు. మల్ల సూడలే. శవాన్ని గూడ సూపియ్యలే." కళ్లు ఎడమకు తిప్పాడు. "వాడు నాకు ఎడమ దిక్కు పండుకుంటుండె. గా ఎలుగు గూడ గాడ్నే లేస్తది."

 స్పీకరులో ఆ ఊపిరి ఆగలేదు.

"ఇది గుండె దారి చూసే పరీక్ష అన్నా. దగ్గినా మిమ్మల్ని ఎవ్వరూ తీస్కపోరు. వదిన ఇక్కడ్నే ఉంటది."

"ఫరీథీ?" అంది హేతల్‌బెన్. గుజరాతీలో మళ్లీనా అని. అవునన్నాను. ఆమె సిరంజీలు మళ్లీ నింపింది.

పద్మ వచ్చి ఆయన రెండో చేయి పట్టుకుంది. "మగ్గం మీదికి నూలు బీము లేపేటప్పుడు ముక్కుతవు సూడు, గట్ల."

ఈసారి నుదుటి నరాలు ఉబ్బాయి. అల దిగింది. వదలమన్నాను. ముందు ఒక్క కిచ్. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత పుర్రె లోపల పిట్టలన్నీ ఒక్కసారి లేచినట్టు.

"ఎవరది?" అంటూ నర్సయ్య తల ఎడమకు తిప్పబోయాడు. నేను పట్టుకుని ఆపాను.

"గాలి బుడగలన్నా."

ఆయన నమ్మినట్టు లేదు.

గుండె డాక్టరు ఇంకో పరీక్ష చేసి, ఆ ద్వారం మూయాలని నిర్ణయించారు. గడ్డలు పోకుండా ఆపడానికే గానీ, తలనొప్పి, ఆ వెలుగు పోతాయని మాట ఇవ్వలేదు. స్క్రీన్ ఖాళీగా ఉన్నంత మాత్రాన దారి లేనట్టు కాదని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఊపిరి బిగబట్టమనే ముందు, దేనికో చెప్పి, దేనికి భయపడుతున్నారో అడుగుతాను.

ఆనాటి రిపోర్టు: మామూలుగా, సున్నా. మొదటి వల్సాల్వా, చెల్లదు. రెండోది, ముప్పై ఏడు బుడగలు.