ఇండోనేషియా గైడు

1996లో వేసవి సెలవుల తర్వాత కాలేజీ తెరిచిన వారంలోనే ప్రిన్సిపాల్ గారు నాకు అదనంగా ఒక పని అప్పగించారు. అప్పటికి నేను రాజమండ్రిలో ఒక ఎయిడెడ్ మహిళా కళాశాలలో లైబ్రేరియన్‌ని. మా కోలాటం జట్టు, ఆరుగురు అమ్మాయిలు, యువజన సాంస్కృతిక బృందంగా ఇండోనేషియా వెళ్లడానికి మొదటి వడపోతలో నెగ్గింది. హైదరాబాదులో ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. ఆ దేశం గురించి చదవవలసిన పుస్తకాలు ఎంపిక చేసి పిల్లల్ని తయారుచేయడం నా వంతు. ఉత్తర్వులో ‘గైడు బుక్కులు వగైరా’ అని రాశారు.

ఆ మాట విని స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. మన దగ్గర గైడు అంటే పరీక్షల ముందు బజారులో కొనుక్కునే ప్రశ్నలూ జవాబుల పుస్తకం. నా సర్వీసులో అలాంటిదాన్ని లైబ్రరీ గుమ్మం తొక్కనివ్వలేదు. పుస్తకాల కొనుగోలు కమిటీలో లెక్చరర్లంతా ఒకవైపు ఉంటే నేనొక్కదాన్నే అడ్డం తిరిగిన రోజులున్నాయి. చివరికి నా చేతే గైడు కొనిపిస్తున్నారని వాళ్ల సంబరం. మాకు పుస్తకాలు సరఫరా చేసే మెయిన్ రోడ్డు షాపతనికి ఫోన్ చేసి ఇండోనేషియా గైడు కావాలంటే, “ఏ ఇయర్ అండి? హిస్టరీ పేపర్ టూనా?” అని అడిగాడు.

విశాఖపట్నం నుంచి రెండు గైడ్లు, వాటితోపాటు ఆ ప్రచురణకర్తలే మన దేశం మీద వేసిన సంపుటాలూ తెప్పించాను. యాత్రికుల గైడును ఎంచే పద్ధతి ఒకటుంది. ముందు అది అచ్చయిన సంవత్సరం చూడాలి. పాతదైతే అందులో రాసిన బస్సులూ ఉండవు, హోటళ్లూ ఉండవు. తర్వాత అదే ప్రచురణకర్త మన దేశం మీద వేసిన సంపుటం తీసి, మన ఊరి గురించి ఏం రాశాడో చదవాలి. మన ఊరిని ఎంత చూశాడో తెలిస్తే, పరాయి ఊరి విషయంలో అతన్ని ఎంత నమ్మవచ్చో తెలుస్తుంది. ఒకాయన రాజమండ్రికి రెండే వాక్యాలు కేటాయించాడు. రైలు మారడానికి పనికొస్తుందట, ఆగి చూడవలసిందేమీ లేదట. గోదావరి ఊసే లేదు. గోదావరి కంటికి ఆనని మనిషికి జావాలో మాత్రం ఏం కనబడి ఉంటుందని ఆ సెట్టు తిప్పి పంపేశాను. రెండోది ఉంచుకున్నాను.

అయినా ఎంత మంచి గైడయినా ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో చెబుతుంది తప్ప ఎదుటి మనిషి ఎవరో చెప్పదు. అందుకని దానికి మరో మూడు జోడించాను. ఆ దేశపు చరిత్ర ఒకటి, అక్కడివాళ్లు రాసిన కథల ఇంగ్లీషు అనువాదం ఒకటి, జావా తోలుబొమ్మలాట మీద లావుపాటి పుస్తకం ఒకటి. సాయంత్రాలు లైబ్రరీ మూసే ముందు గంటసేపు ఆరుగురూ కూర్చుని చదివేవారు. అందరిలోకీ పట్టుగా చదివింది ఎస్తేరు రాణి. బి.ఏ. రెండో సంవత్సరం, పాలకొల్లు దగ్గర పల్లెటూరు. తండ్రి లూథరన్ మిషన్ బడిలో టీచరు. ఆ అమ్మాయిది వాళ్ల వంశంలోనే మొదటి పాస్‌పోర్టు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన దాన్ని చర్చిలో అందరికీ చూపించారట.

ఇంటర్వ్యూకి కొద్దిరోజుల ముందు, దాన్ని నిర్వహించే సంస్థ నుంచి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అన్నీ ప్రశ్నలూ జవాబులే. అభ్యర్థులు కంఠస్థం చేయాలని, ప్రశ్నలు ఇందులోంచే వస్తాయని గమనిక. ఆ దేశ సంస్కృతి విశిష్టత ఏమి అన్న ప్రశ్నకు జవాబు, అదంతా మన దేశం నుంచి వెళ్లినదేనని మొదలై పేజీన్నర సాగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరింటికి భోజనానికి వెళ్లి, విస్తరి ముందు కూర్చుని, ఈ కూర మీకు మా అమ్మే నేర్పింది అని మా జిల్లాల్లో ఎవరూ అనరు. అన్నవాణ్ని మళ్లీ పిలవరు.

బట్టీ పట్టించనని ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. మా కాలేజీకి ఇలాంటి అవకాశం అంతకుముందు ఎన్నడూ రాలేదు. వ్రతం చెడ్డా ఫలం దక్కాలి కదండీ, ముందు పిల్లల్ని విమానం ఎక్కనివ్వండి అని బతిమాలారు. నేను వినలేదు. అలాగని పిల్లల దగ్గర దాచనూ లేదు. చిన్న పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఇది అప్పజెబితే ఎంపికయ్యే వీలు ఎక్కువ, అప్పజెప్పకపోతే తప్పిపోవచ్చు, చదవండి, బట్టీ పట్టమని మాత్రం నేను చెప్పను అన్నాను. ఎస్తేరు దాన్ని తీసుకుని ఆ జవాబు చదివింది.

“బట్టీ కొట్టడం మాకు కొత్తేం కాదు మేడం, ఒక్క రాత్రి పని” అంది ఎస్తేరు. “కానీ ఇది అప్పజెప్పి వెళ్తే రేపు ఆ దేశంవాళ్ల మొహం ఎలా చూస్తామండి?”

మిగతావాళ్లూ ఆమె మాటే అన్నారు. ఇంటర్వ్యూలో నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. ఇంటర్వ్యూ బోర్డు అధ్యక్షులవారు సరిగ్గా ఆ సంస్కృతి ప్రశ్నే ఎస్తేరును అడిగారు. ఆ అమ్మాయి లేచి నిలబడి, చేతులు కట్టుకోకుండా జవాబు చెప్పింది.

“రామాయణ, భారత కథలు మన దగ్గర నుంచే వెళ్లి ఉంటాయండి. కానీ వాళ్ల బొమ్మలాటలో హాస్యగాళ్లున్నారు, వాళ్లు మన పురాణంలో ఎక్కడా లేరండి. మన కథలోకి వాళ్ల మనుషుల్ని తెచ్చుకున్నారు. అదెలా కుదిరిందో వాళ్లనే అడగాలనుందండి.”

“మీరు వెళ్లేది అడగడానికి కాదమ్మా, చెప్పడానికి” అన్నారాయన.

వేరే కాలేజీని ఎంపిక చేశారు. వాళ్లు చక్కగా అప్పజెప్పారని తర్వాత తెలిసింది. ప్రిన్సిపాల్ గారు నాకు మెమో ఇచ్చారు. అంటే, పంపిన పాఠ్యాన్ని ఎందుకు నేర్పలేదో రాతపూర్వకంగా సంజాయిషీ చెప్పాలన్నమాట. ‘చూపించాను, బట్టీ పట్టించలేదు’ అని ఒక్క వాక్యం రాసిచ్చాను. ఆ ఏడాది కొనుగోలు కమిటీలోంచి నన్ను తప్పించారు. ఆ పిల్లల పాస్‌పోర్టులు తలుచుకుంటే బాధ కలిగింది. ఇప్పటికీ కలుగుతుంది. చేసినదానికి మాత్రం చింతించలేదు. మళ్లీ ఆ చిన్న పుస్తకం వస్తే మళ్లీ అదే చేస్తాను.

ఫలితం తెలిసిన మర్నాడు ఎస్తేరు కౌంటరు దగ్గరికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, చేతిలో బొమ్మలాట పుస్తకం. తిరిగి ఇచ్చేస్తోందనుకుని నేను కార్డు తీశాను. ఆ అమ్మాయి పుస్తకం బల్ల మీద పెట్టలేదు.

“ఇంకో పదిహేను రోజులకి రెన్యూ చేయండి మేడం. ఇంకా సగంలోనే ఉన్నానండి.”

తేదీ ముద్ర కొట్టి ఇచ్చాను. గైడుకీ పుస్తకానికీ తేడా ఏమిటని ఆ తర్వాత చాలామంది అడిగారు. ప్రయాణం ఆగిపోయినా చదవాలనిపించేది పుస్తకం. రిటైరయ్యేదాకా నేను పుస్తకాలు కొన్నది ఆ లెక్కలోనే.