నడిమి తలుపు, చీనా శాస్త్రం

జఫర్‌గఢ్‌లో సులోచన ఒక మాట విని ఊరుకునే మనిషి కాదని అందరికీ తెలుసు. ఎరువు బస్తా ఇంటికొస్తే కుట్టు విప్పి, పిడికెడు అరచేతిలో పోసుకుని చూసేది. పెళ్లిపత్రిక ఇచ్చినా వెనక్కి తిప్పి చదివేది. పుట్టుకతో వచ్చిన గుణం కాదది. భర్త పోయిన మూడో నెలలో మరిది హన్మంత్ పింఛను కాగితమని చెప్పి ఆమెతో సంతకం పెట్టించాడు. చెరువు కింది రెండెకరాలు తనవి కావని మరుసటి ఏడు నాట్లప్పుడు తెలిసింది. అప్పటినుంచి ఆమె ఎవరినీ తొందరపడి నమ్మలేదు.

అన్నదమ్ములు పంచుకున్న పాత ఇల్లు వాళ్లది. చెరువు వైపు సగం సులోచనది, గుట్ట వైపు సగం హన్మంత్‌ది. మధ్యగోడలో ఒక తలుపు. బావి హన్మంత్ పెరట్లో ఉంది గనుక ఆమె రోజూ ఆ తలుపులోంచే నీళ్లకు వెళ్లేది. బావిలో తనకూ సగం ఉందని చెప్పడానికి కాగితం లేదు. ఆ నడక ఒక్కటే సాక్ష్యం.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగడానికి ముందురోజు సాయంత్రం, చేతిలో నల్ల సంచితో ఒకాయన హన్మంత్ ఇంటి ముందు దిగాడు. పేరు అరవింద్. హన్మంత్ భార్య భూదేవికి ఏడాదిగా దమ్ము, ఊపిరాడని జబ్బు. ఎన్ని దవాఖానలు తిరిగినా తగ్గలేదని, ఇంట్లోనే ఏదో దోషం ఉందని, అందుకే ఫెంగ్‌షూయీ అనే చీనా వాస్తు చూసే సారును పిలిపించానని హన్మంత్ ఊరంతా చెప్పాడు.

మరునాడు పొద్దున అరవింద్ సంచిలోంచి పళ్లెం లాంటి పరికరం తీశాడు. నడుమ దిక్సూచి ముల్లు, చుట్టూ వలయాలు వలయాలుగా ఎర్రటి, నల్లటి చీనా అక్షరాలు. నడిమి తలుపు దగ్గర నిలబడి, సినిమాలో పెద్దింటివాళ్లు మాట్లాడే తెలుగులో హన్మంత్‌కు చెప్పాడు.

"ఇంట్లోకి వచ్చే ప్రాణశక్తిని చీ అంటారండి. మీ వాటాలో అది నిలవడం లేదు. ఈ తలుపు గుండా జారిపోతోంది. ఇక్కడ గోడ కట్టించేయండి."

సులోచన గడప అవతలే నిలబడి అంతా చూసింది. అతను ముల్లు కంటే ముందు హన్మంత్ ముఖం చూశాడు. పైగా నిలబడింది ఇనుప బీరువా పక్కన. నాలుగడుగులు జరిగేసరికి ముల్లు మరో వైపు తిరిగింది. అతను దాన్ని చూసి కూడా చూడనట్టు మూత పెట్టాడు. గోడ లేస్తే బావి పోతుంది. సంతకంతో పొలం పోయింది, ఇప్పుడు చీనా అక్షరాలతో నీళ్లు పోతాయన్నమాట అనుకుంది.

గోడకు ఇటుకలు కావాలి. సమ్మెలో ట్రాక్టర్లన్నీ రాస్తారోకోలకే తిరుగుతున్నాయి. బస్సులు లేక అరవింద్ కూడా హన్మంత్ ఇంట్లోనే చిక్కుకుపోయాడు. ఆ మూడు రోజులూ సులోచన అవసరం లేకపోయినా బావికి వెళ్లింది. అతను ఎవరితో మాట్లాడుతున్నాడో, ఎటు చూస్తున్నాడో కనిపెట్టుకుని ఉంది. ఊళ్లో కూడా గుసగుసలు బయల్దేరాయి. దీక్ష శిబిరం దగ్గర ఆడవాళ్లు అతను ఆంధ్రాయనేమోనని, గుట్ట కింద భూములు కొలవడానికి వచ్చాడేమోనని అనుకున్నారు. సులోచన కాదనలేదు, అవుననలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బావి దగ్గర చేద వేస్తుంటే పెరటి గోడ అవతల అతని గొంతు వినిపించింది. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"బస్సుల్లేవు అవ్వా. ఎట్ల రావాలె? జర ఓపిక పట్టు, పత్తికి మందు నేనొచ్చినంక కొడ్త."

సులోచన చేద అక్కడే వదిలేసి గోడ చుట్టి వెళ్లింది. అతను ఇటు తిరిగేసరికి ఎదురుగా నిలబడి ఉంది.

"ఏ ఊరు కొడుకా నీది?"

అతను అబద్ధం వెతుక్కున్నాడు గానీ దొరకలేదు. బచ్చన్నపేట అన్నాడు. మన మాటలో చెప్తే ఎవరూ సారు అనరని, నాలుగు ఇళ్లలో వాకిట్లోంచే పంపించారని, అందుకే ఆ తెలుగు నేర్చుకున్నానని తల వంచుకుని చెప్పాడు. శాస్త్రం మాత్రం దొంగది కాదట. సింగపూర్‌లో కట్టడం పని చేసినప్పుడు ఒక చీనా ముసలాయన దగ్గర నేర్చుకున్నాడట. ఆ ముసలాయన పరికరం తీయకముందు పూటంతా వాకిట్లో ఊరికే కూర్చునేవాడట.

"ఫెంగ్ అంటే గాలి, షూయీ అంటే నీళ్లు. చీ గాలి మీద పోతది, నీళ్ల కాడ ఆగుతది. వెనుక గుట్ట ఆసరా ఉండాలె, ముంగట నీళ్లుండాలె, నడుమ గాలి మెల్లగ తిరగాలె. జోరుగ కొట్టినా పాడే, బందైనా పాడే."

"మరి మా తలుపు?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత గోడ మాట హన్మంత్‌దేనని ఒప్పుకున్నాడు. గుట్ట వైపు కొత్తగా వేసిన రేకుల కొట్టం గాలిని ఆపేసింది. చెరువు గాలి ఇప్పుడు ఆమె వాటాలోంచి, ఆ తలుపులోంచే భూదేవి గదికి పోతోంది. దాన్ని మూస్తే రెండిళ్లకూ ఊపిరాడదు.

"గిదే మాట రేపు పొద్దుగాల నలుగురిలో చెప్పు. నీ మాటలోనే చెప్పు," అంది సులోచన.

చెప్తాడని ఆమె అనుకోలేదు. ఆ సాయంత్రమే పారిపోతాడేమోనని రెండుసార్లు వీధిలోకి వచ్చి చూసింది.

అతను పారిపోలేదు. పొద్దున్నే శిబిరానికి వెళ్లే నలుగురు పెద్దలు హన్మంత్ వాకిట్లో ఆగి ఉండగా, తలుపు మూయొద్దని, కొట్టం రేకులు రెండు విప్పితే చాలని బచ్చన్నపేట మాటలో చెప్పాడు. హన్మంత్ ముఖం నల్లబడింది.

"ఏం పెట్టి తిప్పుకున్నవ్ వదినె ఇతన్ని?" అన్నాడు.

లోపలి నుంచి భూదేవి, మంచం మీద లేచి కూర్చుని, ఆగి ఆగి మాట్లాడింది.

"తలుపు ఉండనియ్యుండ్రి. నాకు గాలొచ్చేది ఆడికెళ్లే."

నలుగురి ముందు భార్య అన్న మాటను హన్మంత్ దాటలేకపోయాడు. గోడ ఆగింది. వారం తర్వాత రేకులు కూడా రెండు విప్పాడు. చలికాలానికి భూదేవి దమ్ము కొంత నెమ్మదించింది. గాలి వల్లనో మందుల వల్లనో ఎవరూ తేల్చలేదు. పొలం మాత్రం తిరిగి రాలేదు.

అరవింద్ ఆ రోజే శిబిరం వాళ్ల ట్రాక్టరు ఎక్కి వెళ్లిపోయాడు. అతను శాస్త్రం చెప్పాడా, పట్టుబడ్డందుకు తనకు నచ్చే మాట చెప్పాడా అన్నది సులోచనకు తేలలేదు. చీనా ముసలాయన అసలు ఉన్నాడో లేడో. ఆమె పాత చీర అంచు చింపి తలుపు పైకమ్మికి వేలాడగట్టి, తొమ్మిది రోజులు పొద్దునా సాయంత్రం చూసింది. ఏడు రోజులు అది హన్మంత్ వాటా వైపు ఊగింది. రెండు రోజులు తన వైపే ఊగింది. ఆ రెండు రోజుల సంగతి ఎవరికీ చెప్పకుండా, పదో రోజున గుడ్డ విప్పేసి ఆ తలుపులోంచే నీళ్లకు వెళ్లింది.