అలల గుర్తులున్న బావి

పందొమ్మిది వందల అరవైల్లో నేను భూగర్భశాస్త్రం చదువుతుండేదాన్ని. మాది ఇందుకూరుపేట పక్క, మైపాడు సముద్రతీరానికి దగ్గర, ఇసుక నేల. ఊళ్లో కొండా లేదు, గుట్టా లేదు. ఒక ఎండాకాలం సెలవులకు వెలిగొండల కింద ఉన్న పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. అప్పుడు పెదనాన్న పొలంలో బావి తవ్విస్తున్నాడు.

గట్టు మీద నిలబడి లోపలికి చూశాను. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుక రాళ్లయి, ఆ తరువాత నేల ఒత్తిడికి దుప్పటిలా ముడతలు పడి లేచిన కొండలవి. పడమటి గోడలో ఆ రాతి పలకలన్నీ బావిలోకే వాలి ఉన్నాయి. వాటి సందుల్లోంచి నీరు ఊరుతోంది. కూలీలు ఆ పలకల అడుగునే తొలుస్తున్నారు.

“పెదనాన్నా, ఆ పక్క తవ్వొద్దు. కింద ఆధారం పోతే పైవన్నీ జారతాయి,” అన్నాను.

“నాలుగు నెలల్నించి తవ్వతా ఉండాం. ఇప్పటిదాకా జారనిది నువ్వొచ్చినాక జారతాదా?” అన్నాడు. అయినా కూలీలు నా మాట విని బయటికొచ్చేశారు. దాంతో ఆయనకు కోపమొచ్చింది. భయం లేదని చూపడానికి తానే మెట్లు దిగాడు.

కాసేపటికి కిందనుంచి పిలిచాడు. “పాపా, ఈ రాయేంది, మైపాడు ఇసక మాదిరి గీతలు పడి ఉండాది?”

నేను దిగాను. దిగకూడదని తెలుసు. కొత్తగా బయటపడిన పలక నిండా అలల గుర్తులు, ఇప్పుడే నీళ్లు వెనక్కి పోయినట్టు. పక్క రాతిలో కోసిన ఉల్లిగడ్డలాంటి పొరలు. శంఖాలూ చేపలూ పుట్టకముందు ఆ సముద్రంలో బతికిన పాచి కట్టిన పొరలవి. పుస్తకంలో బొమ్మ చూశానంతే. చెయ్యి పెట్టి తడిమాను.

వేళ్ల మీద మట్టి రాలింది. సందులో నీరు ఎర్రగా మారింది, లోపల మట్టి కదులుతోంది.

“పైకి రా పెదనాన్నా.”

“ఉండవే, గడ్డపార తీసుకుంటా.”

ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. సగం మెట్లెక్కామో లేదో వెనక గోడ కదిలిన చప్పుడైంది. ఒక రాయి ఎగిరొచ్చి ఆయన మడమకు తగిలింది. మోచేతుల మీద పాకుతున్న ఆయన్ని కూలీలు పైకి లాగారు. దుమ్ము అణిగాక చూస్తే బావి సగానికి పూడిపోయి ఉంది.

ఆ సాయంత్రం మడమకు కట్టు కడుతూ పెద్దమ్మ నన్నడిగింది. “వద్దని చెప్పినదానివి, నువ్వెందుకు దిగినావే?”

“చూడాలనిపించింది,” అన్నాను.

పెదనాన్న ఆ సెలవులన్నీ నాతో ముభావంగానే ఉన్నాడు. నేను బయల్దేరే రోజు మాత్రం కుంటుకుంటూ పొలానికి తీసుకెళ్లి, “యాడ తవ్వమంటావో చూపించు,” అన్నాడు.