పథ్యం లేని వైద్యం

బోగోలు డాక్టరు జీవానందం గారు మందుచీటీ రాస్తూనే తనలో తాను నవ్వుకునేవారు. లేచి వెళ్లే రోగి గడపలో ఆగి ఏమడుగుతాడో ఆయనకు ముందే తెలుసు: "పత్తెం ఏమన్నా ఉండాదా అయ్యా?" ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చెయ్యి విదిలించి, "మాది ఇంగ్లీషు వైద్యం. పథ్యం లేదు గిథ్యం లేదు, అన్నీ తినండి!" అనేవారు. అలా అన్నప్పుడల్లా నాటువైద్యుల కన్నా ఒక మెట్టు పైన నిలబడ్డట్టు ఉండేది ఆయనకు. ఉప్పుచేపలమ్మే పేరమ్మ తలనొప్పని వచ్చినప్పుడూ అదే అన్నారు. రక్తపోటు చూస్తే పాదరసం ఎక్కడో పైన నిలబడింది. ఉప్పు తగ్గించమనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఉప్పుచేపే బతుకైన మనిషి, చెబితే మాత్రం వింటుందా అనుకుని, ఆ మాట మింగేసి మాత్రలిచ్చి పంపించారు.

ఇవాళ ఆమెను నులకమంచం మీద మోసుకొచ్చారు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. సూది వేశాక, ఆమె మొహం చూడలేక, "ఇక ఉప్పు మానాలి. మానగలదా?" అని మొగుడు పోలేరయ్యను అడిగారు డాక్టరు గారు.

"దానికేముందయ్యా! బిడ్డకి అమ్మోరు పోసినప్పుడు మొక్కుకోని ఏడాదంతా చప్పిడి కూడే తినింది. తమరు చెప్తే తినదా?"

మంచం గడప దాటిస్తుంటే పేరమ్మ ఎడమ చేత్తో తలుపు పట్టుకుని ఆపింది. వంకర నోట్లోంచి మాట ముద్దగా వచ్చింది. ఏమడుగుతుందో పోలేరయ్యకు అర్థం కాలేదు. డాక్టరు గారికి అది ముందే తెలిసిన మాట. ఆయన చేతులు కడుక్కునే నెపంతో గోడవైపు తిరిగారు.