డప్పు లేని లీడరు

తెలంగాణ వచ్చిన కొత్తలో మా మహబూబ్‌నగర్‌లో ఏ సభ జరిగినా డప్పు మోగాల్సిందే. ఆ రోజుల్లో లీడరంటే అందరికన్నా ముందు నిలబడి, అందరికన్నా గట్టిగా అరిచే మనిషని నా నమ్మకం. అరవడం నాకు పుట్టుకతో వచ్చింది. మాది గొర్రెల మంద ఉన్న ఇల్లు. గుట్టెక్కిన గొర్రెను కింద నుంచే కేకేసి దింపేదాన్ని. అందుకే మా ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో పదిమందితో డప్పు బృందం పెట్టినప్పుడు తెలుగు సారు నా గొంతు విని, "ఇగ మనకు మైకు కిరాయి తప్పింది" అని నవ్వి నన్నే లీడరును చేశాడు. (నాకు దరువు ఎంత వచ్చో ఆయన అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు.)

మా వరుసలో చిట్టచివర ఒక పిల్ల ఉండేది. రోజంతా కలిపి నాలుగు మాటలు కూడా మాట్లాడేది కాదని అందరం 'సైలెంటు' అని పిలిచేవాళ్లం. వాళ్ల నాయిన ఊళ్లో పేరున్న డప్పు కళాకారుడు. కుడిచేతి పొట్టికర్ర సిర్రను ఎట్లా పట్టాలో, ఎడమచేతి సన్నపుల్ల ఎక్కడ ఆనించాలో ఆ పిల్లే ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఓపికగా నేర్పేది. నేను మాత్రం నా డప్పు బాదుతూ ముందు నిలబడి ఈల వేసేదాన్ని. ఈల వేయగానే తొమ్మిదిమందీ దరువు మార్చేవాళ్లు. ఆహా, నా మాటకు ఎంత విలువ అనుకుని మురిసిపోయేదాన్ని.

జిల్లా పోటీలు దగ్గరపడ్డాక ప్రిన్సిపాల్ మేడం మమ్మల్ని పిలిచి, "గీసారైనా ప్రైజు తెస్తే సరే. లేకుంటే గా డప్పులు స్టోర్ రూముల పెట్టిచ్చి కీబోర్డు కొంట" అని తేల్చి చెప్పింది. ఆ మాటకు సైలెంటు ముఖం ఎంత చిన్నబోయిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

పోటీ రోజు పొద్దున్నుంచీ ముసురు. చెమ్మకు డప్పు తోలు మెత్తబడితే మోత రాదు, మంట దగ్గర కాచి బిగువు తేవాలి. సైలెంటు ఆ సంగతి ముందే తలచుకుని ఇంటి నుంచి ఎండు పత్తికట్టె సంచిలో పెట్టుకొచ్చింది. హాలు వెనక రేకుల కింద మంట వేశాం. లీడరు డప్పు అందరి డప్పులకన్నా గట్టిగా మోగాలని నాది మంటకు మరీ దగ్గరగా పెట్టాను.

"సాలక్కా, ఇగ తియ్యి. పగుల్తది," అంది సైలెంటు.

"లీడర్ నువ్వా, నేనా? ఇంక జర కాగనియ్యి."

ఆ మాట నోట్లో ఉండగానే 'ఠప్' మంది. తోలు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చీలింది. లోపల మైకులో మా కాలేజీ పేరే పిలుస్తున్నారు. నేను సిగ్గు విడిచి సైలెంటు ముందు చెయ్యి చాపాను. "నీ డప్పు ఇయ్యవే!"

"ఇయ్యనక్కా," అంది. ఆ పిల్ల నోట 'కాదు' అన్న మాట వినడం అదే మొదలు. "నేను కొట్టకుంటే ఆట ఆగుతది. నీకు గొంతున్నది గద. ఉత్తచేతులతోనే ముంగట నిలబడి ఈలెయ్యి."

నిలబడ్డాను. పెళ్లిలో ఫొటోకు నిలబడ్డ దూరపు చుట్టంలా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా డప్పు మోత లేదు కాబట్టి ఆ రోజే మొదటిసారి మిగతా వాళ్లు కొట్టేది విన్నాను, తిరిగి చూశాను. ఎనిమిదిమంది కళ్లూ నా మీద లేవు, సైలెంటు సిర్ర మీద ఉన్నాయి. సిర్ర కాస్త పైకి లేస్తే చాలు, దరువు మారిపోతోంది. నా ఈల ఆ తర్వాత వస్తోంది! ఇన్నాళ్లూ బస్సు కదిలాక రైట్ రైట్ అన్న కండక్టరును నేను. ఇంతలో వరుసలో మూడో పిల్ల భయంతో దెబ్బ తప్పింది. సైలెంటు ఆ పిల్లవైపు చూసి చిన్నగా నవ్వి, తన దరువు వదిలేసి ఆ తప్పిన దెబ్బనే తనూ కొట్టింది. రెండో విడతకు అందరూ అదే అందుకున్నారు. తప్పు కాస్తా కొత్త దరువైపోయింది, హాలంతా ఈలలు. ఇంత పనితనం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

రెండో బహుమతి వచ్చింది, డప్పులు స్టోర్ రూముకు పోలేదు. వేదిక మీద పెద్దమనిషి శాలువా పట్టుకుని, "లీడర్ ఎవరమ్మా?" అన్నాడు. నా చెయ్యి సైలెంటు వైపు లేవాల్సింది. నోరు ముందుగా, "నేనే సార్" అంది. ఆ శాలువా మా అవ్వ ఎన్నో చలికాలాలు కప్పుకుంది. చూసినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి.

ఇప్పుడు నేనొక బడికి హెడ్‌మాస్టరును. సైలెంటు అమ్రాబాద్ దగ్గర హాస్టల్ పిల్లలకు డప్పు నేర్పుతోంది. మొన్న ఫోన్ చేసి, "ఆనాడు శాలువా నీదే చెల్లె, నేను అబద్ధం చెప్పిన" అని కక్కేశాను.

అవతల సైలెంటు నవ్వింది. "అబద్ధమేందక్కా? నాకైతే డప్పు మొకానికి అడ్డం లేకుంటే అంతమంది ముంగట కాళ్లు వణుకుతయి. నువ్వు ఉత్తచేతులతో నిలబడ్డవు. నిన్ను చూసే నేను ఉరికిపోలే."

ఫోన్ పెట్టేసి ఇన్నేళ్లూ దాచుకుని గోడకు తగిలించిన ఆ చీలిన డప్పు వైపు చూశాను. ఆ రోజు ఉత్తచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ ఆ పిల్లను, అంటే నన్నే, తలచుకుంటే, మొదటిసారి కోపం రాలేదు.