ఏది ముందు, ఏది వెనక

మా ఆఫీసులో ఆవిడ కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే పని చేస్తుంది. యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే సందేశాలను పట్టి, ఏది ముందు వచ్చిందో, ఏది వెనక వచ్చిందో రిపోర్టు ఇచ్చే సాఫ్ట్‌వేరు ఆవిడ రాసిందే. అందరం అక్కా అంటాం. ఆవిడకు కోపం వస్తే మాత్రం ఎవరం నోరెత్తం.

ఆ బుధవారం పొద్దుటి నుంచీ అక్కకు మరీ కుదురు లేదు. నీళ్ల పంపుల కేంద్రంలో మోటారు కాలిపోయింది. అలారం రాకముందే ఆపరేటరు వాల్వు మూసేశాడని మా రిపోర్టు; అంటే నీళ్లందక మోటారు కాలింది ఆయన వల్లేనని. అలారం చూశాకే మూశానని ఆయన మొదటిరోజే మొత్తుకున్నాడు. పదకొండింటికి విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అక్కడే తేలుతుంది.

"రిపోర్టులో స్పష్టంగా ఉందిగా అక్కా," అన్నాను.

"అదే నా భయం. అంత శుభ్రంగా ఎందుకుందంటావ్?"

అసలు ఫైలు తెరిచింది. సందేశాలు చేరిన వరసలో అలారమే ముందుంది. దాని టైము నాలుగు వందల కోట్లు దాటిన అంకె. వాల్వుదేమో పన్నెండు వేలు. పంపు యంత్రం మిల్లీసెకన్లు లెక్కపెడుతుంది. యాభై రోజులకు కాస్త ముందే అంకెలకు చోటు చాలక మళ్లీ సున్నా నుంచి మొదలెడుతుంది. సరిగ్గా ఆ రెండు సందేశాల మధ్యే సున్నాకొచ్చింది. చిన్న అంకె కదా అని మా సాఫ్ట్‌వేరు వాల్వును పైకెక్కించింది.

ఏడేళ్ల కిందట, వరస తప్పి వచ్చే సందేశాలు చూడ్డానికి బాగోలేవని టైము ప్రకారం సర్దింది అక్కే. అంకెలు చూస్తే కస్టమర్లు తికమకపడతారని వాటిని దాచిందీ అక్కే. శుభ్రం చేయబోయి నిజాన్ని ఊడ్చేసింది. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

"టైము కాస్త వెనక్కి పోతే సందేశం ఆలస్యమైనట్టు. ఒక్కసారిగా అడుగుకు పడిపోతే కొత్త చుట్టు మొదలైనట్టు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూడు," అని తల కొట్టుకుంది. నాలుగు లైన్లు మార్చి, కొత్త రిపోర్టు తీసి, ఆటో ఎక్కింది. నేనూ వెంట పరిగెత్తాను.

విచారణ గదిలో అక్క నీళ్లు నమల్లేదు. "తప్పు ఆయనది కాదండీ, నాది," అని రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించింది. అధికారి రెండుసార్లు చదివి, రేపట్నుంచి డ్యూటీకి రమ్మని ఆపరేటరుకు చెప్పాడు.

ఆపరేటరు వెళ్లకుండా అక్క దగ్గరికొచ్చాడు.

"అయితే నేను అలారం చూశాకే మూశానా అమ్మా?"

"అవును బాబాయ్. మొదట్నుంచీ మీరు అదే చెప్పారు కదా."

"చెప్పాను. కానీ యంత్రం అబద్ధమాడదు కదా అనుకుని, నిన్న ఇంట్లో అందరి ముందూ తప్పు నాదేనని ఒప్పేసుకున్నాను. ముందే మూసినట్టు గుర్తుకు కూడా వచ్చిందమ్మా."